మొదటి సీసా రాష్ట్రం దాటకముందే

బొబ్బిలి

అమ్మడూ,

ఖరగ్‌పూర్ గోల్‌బజార్లో ఆవకాయ, అప్పడాల కొట్టు పెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. జీఎస్టీ ఎవరు కట్టాలి, ఎప్పుడు కట్టాలి అని అడిగావట. ఆ బజార్లో ఏళ్ల తరబడి కొట్ల లెక్కలు రాసినవాణ్ణి కదా, ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నాను.

బెంగాల్లో 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ అయినా సూత్రం మారలేదు: అమ్మినప్పుడు వసూలైన పన్నులోంచి, కొన్నప్పుడు ఇచ్చిన పన్ను తీసేసి మిగతాది కట్టాలి. లక్ష రూపాయల ఆవకాయ అమ్మి 5 శాతం చొప్పున 5,000 వసూలు చేశావనుకో. నూనెకీ సీసాలకీ 3,000 పన్ను ముందే ఇచ్చి ఉంటే, నువ్వు కట్టేది 2,000. ఆ కొనుగోలు బిల్లుల మీద నీ జీఎస్టీ నంబరు ఉండాలి.

సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి బెంగాల్లో ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో అది 20 లక్షలు. హైదరాబాదు వాళ్ల మాట విని కంగారు పడకు. అప్పడాలకి పన్ను లేదు, కానీ వాటి అమ్మకమూ ఈ 40 లక్షల లెక్కలోకి వస్తుంది. పక్కనే ఇడ్లీ, దోసెల బల్ల వేశావా, అది సేవ కింద లెక్క. అప్పుడు రెండూ కలిపి 20 లక్షలే హద్దు. ఆ బల్ల ఆలోచన ఇప్పుడే వద్దు తల్లీ.

నాకు అసలు బెంగ పార్సిళ్ల గురించే. ఒడిశాలోని బరంపురం నుంచి, ఆంధ్రాలోని ఇచ్ఛాపురం నుంచి సీసాలు పంపమని అడుగుతారు. రాష్ట్రం దాటి అమ్మే మొదటి సీసాకే రిజిస్ట్రేషన్ కావాలి, ఏడాది అమ్మకం ఎంత తక్కువైనా సరే. కొట్టుకొచ్చి కొనుక్కుని రైలెక్కేవాళ్ల సంగతి వేరు, బిల్లులో బయటి రాష్ట్రం చిరునామా రాయకపోతే, చేతికిచ్చిన సరుకు బెంగాల్ అమ్మకమే. కాంపోజిషన్ అనే చిన్న వ్యాపారుల పద్ధతిలో చేరితే అమ్మకం మీద 1 శాతంతో పోతుంది, కానీ అది నీ జేబులోంచే కట్టాలి, పైగా బయటి రాష్ట్రానికి పంపడం కుదరదు. పార్సిళ్లు వద్దనుకుంటేనే అది ఆలోచించు.

రిజిస్ట్రేషన్ లేనంతకాలం బిల్లులో పన్ను వెయ్యకు, అది నేరం. హద్దు దాటితే 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి, అందుకే ప్రతి నెలాఖరునా ఏప్రిల్ నుంచి మొత్తం కూడి రాసుకో.

రైల్వే కాలనీల్లో జీతాల రోజు దాకా అప్పు పెట్టడం మామూలే. పన్ను మాత్రం బిల్లు తేదీని బట్టి పడుతుంది, డబ్బు చేతికొచ్చిన రోజుని బట్టి కాదు. మార్చిలో పెళ్లివారికి అప్పు మీద బిల్లు రాస్తే, నెలనెలా రిటర్ను వేసేవాళ్లు ఏప్రిల్ 20కల్లా కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. వసూలైన పన్ను కోసం బ్యాంకులో వేరే ఖాతా తెరువు, ఇంటి ఖర్చుకి అందులోంచి తీయకు.

ఆవకాయకి 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే, అంతకుముందు 12. పాత రేట్ల పట్టీ చూసి ధర కట్టకు. మొదటి నెల లెక్క వాట్సాప్‌లో పంపు, చూసి చెబుతాను.

మీ పెదనాన్న