చెల్లని కాసులను ఏమి చేయుదము?

చదువవలసిన వాక్యభాగములు: సామెతలు 11:1, మార్కు 12:41–44



మన గ్రామములలో పాత పెట్టె లేని యిల్లు అరుదు. ఆ పెట్టె అడుగున ఒక గుడ్డమూటలోనో, తుప్పుపట్టిన డబ్బాలోనో కొన్ని నాణెములుండును. నడుమ చిల్లుగల కాణీ, అణా బిళ్ల, ఆరు పలకల మూడు పైసల బిళ్ల, అరిగిపోయిన పావలా. అంగడివాడు వాటిని పుచ్చుకొనడు. పారవేయుటకు మనకు మనసొప్పదు. కొందరు వాటిని కానుక సంచిలో వేసి వదిలించుకొనుచున్నారు. మరికొందరు వాటికి లక్షలు వచ్చునని నమ్మి, చేతిలోని మంచి సొమ్మును పోగొట్టుకొనుచున్నారు. ఈ నెల పాఠములో ఈ చిన్న సంగతిని గూర్చి ఆలోచింతము. చిన్నదేగాని, ఇందులో మన యథార్థత దాగియున్నది.

1. మొదట వేరుచేయుడి

1957 ఏప్రిల్ 1వ తేదీకి ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణీలు లెక్క. కల్తీలేని దానిని “పదహారణాల” వస్తువని మనము నేటికిని చెప్పుకొనుట అందువలననే. ఆ దినము మొదలుకొని రూపాయికి 100 నయా పైసలాయెను. 1964లో “నయా” అను మాట తొలగింపబడెను. పిమ్మట 2011 జూన్ 30తో 25 పైసలును, అంతకు తక్కువ నాణెములును చెల్లుబాటు కాకుండ పోయెను.

కాబట్టి మూటను విప్పి మూడు కుప్పలు చేయుడి.

మొదటి కుప్ప, ఇప్పటికిని చెల్లునవి. 50 పైసలు, 1, 2, 5, 10, 20 రూపాయల నాణెములు ఇందులోనివి. అర్ధరూపాయిని అంగడిలో త్రోసివేసినను చట్టప్రకారము అది చెల్లును. పది రూపాయల బిళ్లలు 14 విధములైన ముద్రలతో వచ్చినవనియు, అవన్నియు చెల్లుననియు రిజర్వు బ్యాంకు 2018లో స్పష్టపరచినది. వీటిని బ్యాంకులో కట్టవచ్చును. చెల్లుబాటులోనున్న నాణెమును కరిగించుట 2011 నాణెముల చట్టము ప్రకారము నేరమని కూడ తెలిసికొనవలెను.

రెండవ కుప్ప, వెండివి. విక్టోరియా రాణి, ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి ముఖముగల పాత రూపాయి తులము బరువుండును, అనగా సుమారు 11.66 గ్రాములు. అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. 1940 నుండి వెండిని సగమునకు తగ్గించిరి. 1947 నాటి రూపాయి నికెలుది. అందులో వెండి లేదు. రాజు ముఖము కనబడినంత మాత్రాన వెండి అనుకొనరాదు. తెలిసిన కంసాలివద్ద, వీలైన ఇద్దరివద్ద, తూకము చూపించుకొనుడి. ఊరూర తిరుగు పాత సామానువానికి గుప్పెడు లెక్కన ఇచ్చివేయకుడి.

మూడవ కుప్ప, మిగిలినవి. రాగి కాణీలు, అణాలు, బేడలు, అల్యూమినియపు పైసలు. మన పాఠము ముఖ్యముగా వీటిని గూర్చియే.

2. లేని విలువను ఆశింపకుడి

నాణెము పాతదైనంత మాత్రాన వెలగలది కాదు. కోట్లకొలది ముద్రింపబడి, చేతులు మారి అరిగిపోయిన పైసకు సేకరించువారు కూడ ఎక్కువ ఇయ్యరు. అరుదుగా దొరుకునదియు, చెక్కు చెదరనిదియునైన నాణెమునకే ధర పలుకును. అట్టిది మీయొద్ద నున్నదని తోచినయెడల, చింతపండుతోగాని బూడిదతోగాని తోమకుడి. తోమిన నాణెమునకు సేకరించువారు విలువ తగ్గింతురు.

ఇప్పుడు మన యువకుల ఫోనులకు, “మీ పాత అయిదు రూపాయల బిళ్లకు లక్షలిచ్చెదము” అను కబుర్లు వచ్చుచున్నవి. తరువాత రుసుమనియు, కమీషననియు, పన్ననియు చెప్పి ముందుగా డబ్బు పంపుమందురు. రిజర్వు బ్యాంకు పేరును కూడ వాడుకొందురు. తాము అట్టి వ్యాపారము చేయుటలేదనియు, ఎవరికిని అట్టి అధికారమీయలేదనియు ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. ఒక్క మాట జ్ఞాపకముంచుకొనుడి: నిజముగా కొనువాడు మనకు డబ్బిచ్చును, మనయొద్ద డబ్బడుగడు. ఎవరైనను మోసపోయినయెడల సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము తిరిగి దొరకుట కష్టము.

పొలము దున్నునప్పుడు నేలలో నాణెములు దొరికినచో అది వేరు సంగతి. నేలలో దాగియుండి, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినయెడల కలెక్టరుకు తెలియజేయవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది.

3. చెల్లనిదానిని కానుకగా వేయకుడి

బీద విధవరాలు వేసిన రెండు కాసుల సంగతి మనమందరము ఎరుగుదుము. “నాది చిన్న కానుక, అయినను ప్రభువు చూచును” అని మనలో అనేకులు ఓదార్పు పొందుదురు, అది తగినదే. అయితే ఒక్కటి గమనింపుడి. ఆమె వేసినవి చెల్లు కాసులు. ఆమె ఆ దినమున అంగడికి వెళ్లినయెడల, వాటికి ఎంతో కొంత ఆహారము దొరికియుండును. దానిని మానుకొని ఆమె వాటిని ఇచ్చెను. అంగడివాడు త్రోసివేసిన పావలాను సంచిలో వేయువాడు ఏమియు మానుకొనుటలేదు. ఆ విధవరాలి పేరు చెప్పుకొని అట్లు చేయుట ఆమెను అవమానపరచుటయే.

ఐనను లెక్క చూచు పెద్దలకు ఒక మనవి. సంచిలో చెల్లని బిళ్ల కనబడినప్పుడు, వేసినదెవరని వెదకకుడి. చూపు మందగించిన ముసలమ్మ చేతికి అందినదానిని భక్తితో వేసియుండవచ్చును. దానిని ప్రక్కన పెట్టుడి. రూపాయల లెక్కలో కలుపకుడి. అందరికిని వర్తించునట్లు ఏది చెల్లునో, ఏది చెల్లదో మెల్లగా తెలియజేయుడి.

4. మిగిలినవాటిని ఏమి చేయుదము?

పిల్లల చేతికియ్యుడి. ఒక పైస నలుపలకలు, మూడు పైసలు ఆరు పలకలు. సంవత్సరము క్రింద చిన్న నక్షత్రమున్న బిళ్ల హైదరాబాదు టంకసాలలో ముద్రింపబడినది. చార్మినారు బొమ్మగల నాణెము నిజాము ప్రభుత్వము నాటిది. ఆదివారపు బడిలో ఒక డబ్బా నిండ ఇట్టివి ఉంచినయెడల చరిత్రయు, లెక్కలును ఆటగా నేర్పవచ్చును. సేకరించు బాలుడెవరైన ఉన్నయెడల ఉచితముగా ఇయ్యుడి. తల్లిదండ్రులు దాచిన నాణెమైతే, కాగితపు పొట్లములో పెట్టి అది ఎవరిదో పైన వ్రాసియుంచుడి. వ్రాయనియెడల మన మనుమలకు అది వట్టి లోహపు ముక్కయే.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. కూలి డబ్బులో పావలా పావలాగా మిగిల్చి మూటగట్టిన వృద్ధులు మన పల్లెలలో ఉండిరి. గడువు దాటకముందు వారికి ఎవరైన వార్త చదివి వినిపించియుండిన, ఆ మూట బ్యాంకులో మారియుండును. నాణెము చెల్లకపోవుట ప్రభుత్వపు ఆజ్ఞ. ఆ సంగతి ముసలివారికి తెలియకపోవుట పొరుగువారి లోపము. కాబట్టి ఈ వారము మీ వీధిలో ఒంటరిగానున్న ఒక వృద్ధురాలి యింటికి వెళ్లి, ఆమె అనుమతితో, ఆమె యెదుటనే మూటను విప్పి వేరుచేసి పెట్టుడి. చెల్లునదానిని చెల్లుననియు, చెల్లనిదానిని చెల్లదనియు ఉన్నదున్నట్లు చెప్పుడి. యథార్థమైన తూకపు రాయి దేవునికి ఇష్టమైనదని మనము చదివిన వాక్యము బోధించుచున్నది గదా.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటిలోని మూటను కడపట ఎప్పుడు విప్పి చూచితిమి?
2. మనకు అక్కరలేనిదానిని ఇచ్చుటకును, మనకు కావలసినదానిని ఇచ్చుటకును భేదమేమి?
3. మన వీధిలో వార్తలు చదివి వినిపింపవలసిన వృద్ధులెవరు?