గీత దాటినప్పుడు

బుజ్జీ,

పీహెచ్‌సీలో నైట్ డ్యూటీలు మొదలయ్యాయని మీ అమ్మ చెప్పింది. నీ తిండీ నిద్రా సంగతి అక్క చూసుకుంటుంది. నేను కాన్పు ఎలా సాగుతోందో చుక్కలతో గుర్తించే పార్టోగ్రాఫ్ షీటు గురించి నాలుగు ముక్కలు రాస్తాను.

కొన్ని లేబర్ రూముల్లో ఆ షీటును కాన్పయ్యాక, టీ తాగుతూ నింపుతారు. చుక్కలన్నీ గీత మీద ముత్యాల్లా వరసగా ఉంటాయి. చూస్తే ఒళ్లు మండుతుంది నాకు. నొప్పులు ఏ తల్లికీ అంత తీరుగా సాగవు. అయిపోయాక నింపిన కాగితం ఆడిట్‌కు పనికొస్తుందేమో గానీ, బల్ల మీదున్న మనిషికి కాదు.

గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్నాక అలర్ట్ లైను మీద మొదటి చుక్క పెడతావు. ఆ లైను గంటకో సెంటీమీటరు లెక్కన పైకి పోతుంది. దానికి కుడిపక్కన 4 గంటల దూరంలో యాక్షన్ లైను. ఈ 4 గంటలు ఎక్కడినుంచి వచ్చాయో తెలుసా? 1972లో ఫిల్‌పాట్, కాసిల్ అనే ఇద్దరు డాక్టర్లు అప్పటి రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో, ఈ గీతలు గీశారు. బయటి క్లినిక్కుల్లో కాన్పులు చూసేది మిడ్‌వైఫులు. ఆపరేషన్ చేసే ఆసుపత్రి దూరం. చుక్క అలర్ట్ లైను దాటితే తల్లిని బండెక్కించి అక్కడికి చేర్చడానికి ఆ వ్యవధి. నీలాంటి వాళ్లకోసం పుట్టిన గీతలే అవి. అందుకని యాక్షన్ లైను దాకా చూద్దాంలే అనుకోకు. 108 రావడానికి ఎంతసేపు, రోడ్డు మీద ఎంతసేపు, అక్కడ థియేటర్ సిద్ధం కావడానికి ఎంతసేపు, అన్నీ ఆ 4 గంటల్లోనే కదా!

గీత దాటగానే ఆపరేషనే అని మాత్రం ఇంట్లోవాళ్లను బెదరగొట్టకు. ఈ షీటు ఉన్నది కాన్పు మరీ సాగిపోకుండా చూసుకోవడానికి. ఇండోనేషియా, మలేషియా, థాయ్‌లాండ్‌లలో 35 వేలమందికి పైగా తల్లుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పరీక్షించి 1994లో ఫలితాలు చెప్పింది. మరీ సాగిపోయే కాన్పులు 6.4 శాతం నుంచి 3.4కి దిగాయి. నొప్పులు పెంచే మందు వాడకం కూడా సగానికి పైగా తగ్గింది. 2020లో వాళ్లే తెచ్చిన కొత్త షీటులో గంటకో సెంటీమీటరు గీతే లేదు. 5 సెంటీమీటర్ల దగ్గర 6 గంటలు, 9 దగ్గర 2 గంటలు అంటూ ఒక్కో మెట్టుకీ వేరే గడువు. తోడు ఎవరున్నారు, ఏమైనా తాగిందా అని కూడా అడుగుతుంది. అది నాకు నచ్చింది.

బిడ్డ గుండె అరగంటకోసారి వినాలి. నొప్పి వదలగానే, నిమిషం నిండుగా విను. 110 నుంచి 160 మధ్య ఉండాలి. వింటున్నంతసేపూ రెండో చెయ్యి తల్లి మణికట్టు మీద ఉంచు. తల్లి నాడినే బిడ్డ గుండె అనుకుని నింపేసిన షీట్లు ఉన్నాయి. నొప్పులు లెక్కపెట్టేటప్పుడు 10 నిమిషాలూ చెయ్యి పొట్ట మీదే ఉండాలి, ఫోను మీద కాదు. ఉమ్మనీరు పచ్చగా వస్తే చుక్కలు సరిగ్గా ఉన్నా సరే, డాక్టరుకు చెప్పు. పీవీ, అంటే లోపలి పరీక్ష, మామూలుగా 4 గంటలకోసారి చాలు. ఊరికే చూడకు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

రిఫర్ చేస్తే షీటు తల్లితోపాటే వెళ్లాలి. బయల్దేరిన టైము దాని మీద రాయి. ఏరియా ఆసుపత్రి లేబర్ రూము నంబరు ఇప్పుడే గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకో.

మీ పిన్ని