గ్రాఫిక్స్ కార్డుగల సర్వరునకు ఆపరేటింగ్ సిస్టము

నల్లగండ్లలోని మన విద్యార్థుల తలిదండ్రులలో పలువురు గచ్చిబౌలి కార్యాలయములలో సర్వర్లను నడపుచున్నారు. వానిలో గ్రాఫిక్స్ కార్డులు అమర్చుట నేడు సామాన్యమైనది. బొమ్మలు చూపుటకు పుట్టిన యీ కార్డు వేలకొలది చిన్న లెక్కలను ఒక్కమారే చేయగలదు. 2007లో ఎన్విడియావారు క్యూడాను వెలువరించిన పిదప ఇతర గణనములకును ఇది అక్కఱకు వచ్చెను.

అయితే కార్డు తనంత తాను పనిచేయదు. ఆపరేటింగ్ సిస్టమునకు మూలభాగమైన కెర్నెలుతో దానిని కలుపు డ్రైవరు కావలెను. కెర్నెలు మారినప్పుడు డ్రైవరును దానికి సరిపడునట్లు మరల కూర్పవలెను. లేనిచో వేలు పోసి కొన్న కార్డు పెట్టెలో నుండియు లేనట్లే!

కావున "ఏది ఉచితము?" అని మాత్రమే అడిగిన చాలదు. దిద్దుబాట్లు ఎన్ని యేండ్లు వచ్చును? కార్డు చేసినవారు ఏ ప్రతిని పరీక్షించిరి? ఇవియే ముఖ్యము. 2019లో వెలువడిన సెంటాస్ 8కు 2029 వఱకు దిద్దుబాట్లు వచ్చునని నమ్మి పలువురు దానిని స్థాపించుకొనిరి. 2020 డిసెంబరులో ఆ గడువు కుదింపబడి, 2021 డిసెంబరు 31తో ముగిసెను. సర్వర్లన్నియు మార్చుకొనవలసివచ్చినవారి శ్రమ యెంతటిదో! వారికొఱకే ఆల్మా, రాకీ అను లినక్సులు 2021లో వెలువడెను.

ఉబుంటు ఎల్‌టీఎస్‌కు అయిదేండ్లు ఉచితముగా దిద్దుబాట్లు కలవు. రెడ్‌హ్యాట్‌కు పదేండ్లు, కాని చందా కట్టవలెను. చిన్న కార్యాలయమునకు మొదటిదే మేలని నా తలంపు. ఏది యెన్నుకొన్నను క్రొత్త కెర్నెలును ముందొక సర్వరుపై పరీక్షించి, పాతదానిని తుడిచివేయక యుంచవలెను. డ్రైవరు మొరాయించిన దినమున పాతదానితోనే సర్వరును మరల లేపవచ్చును.