ముందు చెవి సంగతి చూడాలి

మా అమ్మీకి డెబ్భై తొమ్మిదేళ్లు. మతిమరుపు జబ్బు మొదలై మూడేళ్లయింది. వినికిడి అంతకు చాలా ముందే తగ్గింది. బొల్లాపల్లి నుంచి వినుకొండకు, అక్కడి నుంచి పై ఊళ్లకు ఆమెను ఎన్నోసార్లు డాక్టర్ల దగ్గరకు తీసుకెళ్లాం. పాఠాలు చెప్పుకొని బతికేవాళ్లమే అయినా ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాం.

మొదటిసారి ఒక ఆస్పత్రిలో జరిగింది చెబుతాం. వరండా నిండా జనం, పైన ఫ్యాను రొద. డాక్టరుగారు మాస్కు తీయకుండా, కంప్యూటరు వైపు చూస్తూ తెలుగులో అడిగారు: "ఇవాళ ఏ వారం?" అమ్మీ మా ముఖం చూసింది. "ఇది ఏ ఊరు?" మళ్లీ మా వైపే చూసింది. పది ప్రశ్నలకు రెండు జవాబులు వచ్చాయి. జబ్బు బాగా ముదిరిందని చీటీ మీద రాశారు. ఇంటికొచ్చి చూస్తే చెవి మిషన్‌లో బ్యాటరీ అయిపోయి ఉంది! బయలుదేరే ముందు చూసుకోకపోవడం మా తప్పే.

వినపడని ప్రశ్నకు జవాబు ఎవరు చెప్పగలరు? వయసుతో వచ్చే చెవుడులో సన్నని ధ్వనులు ముందుగా పోతాయి. స, ష, త, క లాంటి హల్లులు జారిపోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. అరిచినా లాభం లేదు, కోప్పడుతున్నామనుకొని ముడుచుకుపోతారు. ఎదురుగా కూర్చొని, వెలుతురు మన ముఖం మీద పడేలా చూసుకొని, చిన్న మాటల్లో నిదానంగా చెప్పాలి. పెదవులు కనపడటం ముఖ్యం. తోడు వెళ్లిన కోడలు నకాబులో ఉంటే, లోపల లేడీ డాక్టరే ఉన్నప్పుడు, తలుపు వేశాక ముఖం చూపించి మాట్లాడితే ఎంతో తేడా ఉంటుంది. చెవిలో గుబిలి పేరుకుందేమో కూడా ముందు చూపించాలి. ఇంట్లో కాచిన నూనె పోయవద్దు.

ఈ రెండు జబ్బులకూ సంబంధం ఉంది. మతిమరుపు ముప్పును పెంచే, మనం తగ్గించుకోగల 14 కారణాల్లో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో చెప్పింది.

భాష సంగతి మరొకటి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో ఈ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. మన ఇళ్లలో రెండు భాషలు మామూలే. అయితే జబ్బు వచ్చాక చిన్ననాటి భాషే ఎక్కువగా నిలుస్తుందని మా అనుభవం. అందుకే రెండోసారి మేమే అడిగాం, డాక్టరుగారి ప్రశ్నలను మన మాటలో చెప్పనివ్వమని. వారు ఒప్పుకున్నారు. ఉదయం వేళ, కొత్త బ్యాటరీతో వెళ్లాం. సాయంత్రమైతే అమ్మీకి తికమక ఎక్కువ. మందుల పేర్లు, నిద్ర, ఎప్పుడెప్పుడు పడిపోయిందీ కాగితం మీద రాసి నర్సుకు ముందే ఇచ్చాం. ఆమె ఎదుటే ఆమె మరుపుల జాబితా చదవడం మాకు ఇష్టం లేదు.

"తుమారేకు కిత్తే బచ్చే?" అని అడిగాం. "పాంచ్" అంది అమ్మీ. మేం నలుగురం. దిద్దబోయి ఆగాం. మాకంటే ముందు పుట్టి, నెలల పసికందుగా పోయిన బిడ్డ ఒకడున్నాడు. డాక్టరుగారికి ఆ మాట చెబితే పాత చీటీ పక్కన పెట్టి మొదటి నుంచి పరీక్ష మొదలుపెట్టారు. జబ్బు ఉంది, కాని మొదటిసారి రాసినంత లేదు.

దాతలకు మా మనవి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న అరవై ఏళ్లు దాటినవారికి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చెవి మిషన్లు ఉచితంగా ఇస్తారు. పెద్దల హెల్ప్‌లైన్ నంబరు 14567. మిషను వచ్చాక బ్యాటరీలు కొనేవారు, ఆస్పత్రికి తోడు వెళ్లేవారు లేక అది పెట్టెలోనే ఉండిపోయిన ఇళ్లు మేం చూశాం. కొడుకులు దూరాన ఉన్న ముసలివాళ్లకు బండి ఖర్చుతో పాటు, వారి మాట తెలిసిన మనిషిని ఒకరిని పంపే ఏర్పాటు ఈ ఏడు చేయగలిగితే బాగుంటుంది. సెలవు రోజుల్లో ఆ పనికి మేం వస్తాం.