కలకత్తాలోని చీనాపేట

కలకత్తా నగరమున లాల్‌బజారు పోలీసు కచేరికి సమీపమున టిరెట్టాబజారు అను పేట గలదు. దానిని చూడగోరువారు వేకువనే లేవవలెను. ఉదయము ఆరు గంటలకు అచ్చటి వీథిలో బల్లలపై పెద్ద పాత్రల నుండి ఆవిరి లేచుచుండును. మాంసము కూరిన పిండికుడుములు, చేపముద్దలు వేసిన చారు వేడివేడిగా అమ్ముదురు. అమ్మువారిలో చీనావారు ఇప్పుడు కొలదిమందియే. వారును బేరమాడునది చీనాభాషలో గాదు, వంగభాషలోను హిందీలోను. ఎండ యెక్కుసరికి బల్లలు మాయమగును.

ఈ పేటకు పేరిచ్చిన ఎడ్వర్డ్ టిరెట్టా చీనావాడు కాడు, ఇటలీదేశస్థుడు. చీనావారిలో మొదట వచ్చి స్థిరపడినవాడు టాంగ్ ఆచ్యూ అను వర్తకుడని ప్రసిద్ధి. పదునెనిమిదవ శతాబ్ది చివరిభాగమున అతడు వారన్ హేస్టింగ్సు వలన బజ్‌బజ్ చెంత, హుగ్లీనది యొడ్డున, భూమిని పొందెను. చెరకు నాటించి, చక్కెర కార్ఖానా పెట్టి, స్వదేశము నుండి పనివారిని రప్పించెను. ఆ పనివారు తన్ను విడిచి నగరమునకు పారిపోవుచున్నారని అతడు కంపెనీవారికి మొరపెట్టుకొనవలసి వచ్చెను. 1783 నాటికే అతడు మరణించెను, కార్ఖానాయు నిలువలేదు. అతని పేర అచ్చిపూరు అను గ్రామము మాత్రము మిగిలినది.

నగరమునకు చేరిన చీనావారు ఊరకుండలేదు. కాంటన్ ప్రాంతమువారు వడ్రంగులైరి. హూపే ప్రాంతమువారు పండ్లు కట్టు వైద్యులైరి. హక్కాలు అనువారు తోలుపని చేపట్టిరి. ఈ దేశమున అగ్రజాతులవారు తోలును ముట్టుటకు ఏవగించుకొనెడివారు గదా! ఆ ఏవగింపే హక్కాలకు బ్రతుకుతెరువయ్యెను. బెంటింకు వీథిలో వారి చెప్పుల దుకాణములు వెలసెను; నగరమునకు తూర్పున, టాంగ్రా అను చిత్తడినేలలో, తోళ్లు పదును చేయు కార్ఖానాలు లేచెను. ఒక్కొక్క ఊరివారు ఒక్కొక్క ఆలయమును గట్టుకొనిరి. 1905లో స్థాపించిన సీ ఇప్ ఆలయమున కరుణాదేవతయగు క్వాన్ యిన్ పూజలందుకొనుచున్నది. ఈ ఆలయములను ఊరివారు చర్చిలందురు. చూడబోయినవారికి శిలువ యెచ్చటను కానరాదు.

ఇట్లుండగా 1962 అక్టోబరులో భారత చీనా దేశములకు సరిహద్దున యుద్ధము వచ్చెను. ఆ యుద్ధమునకును, చెప్పులు కుట్టుకొను ఈ జనమునకును ఏమి సంబంధము? అయినను వారి ముఖములే వారికి నేరమయ్యెను. అస్సాములోని మాకుము మొదలగు చోట్ల నుండియు, ఉత్తరవంగము నుండియు, మరికొన్ని తావుల నుండియు సుమారు 3,000 మందిని పట్టి, రాజస్థానములోని దేవళీ శిబిరమునకు రైళ్లపై పంపిరి. వారిలో వృద్ధులును, చంటిపిల్లలును గలరు. పెక్కండ్రు ఈ దేశముననే పుట్టినవారు; చీనాను కన్నులార చూచియెరుగరు. విచారణ లేకయే కొందరిని 1967 వరకును అచ్చటనే ఉంచిరి. తిరిగి వచ్చిన పలువురకు ఇల్లుగాని దుకాణముగాని దక్కలేదు. కలకత్తాలోనివారు సైతము పోలీసుల అనుమతి లేక ఊరు కదలరాదయ్యెను. నిన్నటివరకు చెప్పులు కుట్టించుకొన్న ఇరుగుపొరుగువారే అనుమానముతో చూచుచుండగా, వేలకొలది కుటుంబములు కెనడా మొదలగు దేశములకు తరలిపోయెను.

మిగిలినవారికి మరియొక దెబ్బ 1996లో తగిలెను. మురికినీటివలని కీడును నివారించుటకై టాంగ్రా కార్ఖానాలను నగరము వెలుపలికి మార్పవలెనని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. ఆజ్ఞ న్యాయమైనదే, కాని తరతరముల వృత్తి దానితో సడలెను. కొందరు కార్ఖానాలను భోజనశాలలుగా మార్చుకొనిరి. అచ్చటనే చీనావారు కొలుచు కాళికాలయము కలదు. ఆమెకు నైవేద్యము నూడిల్సు. 1969లో వెలువడనారంభించిన చీనాభాషాపత్రిక 2020లో ఆగిపోయెను. చదువువారే కరవైరి.

చాంద్రమాన సంవత్సరాది దినములలో మాత్రము పేటకు ప్రాణము వచ్చును. సింహవేషములు వీథులలో ఆడును. టొరంటో నుండి సైతము కొందరు వచ్చి, తమవారితో గూడి అచ్చిపూరునకు పోవుదురు. అచ్చట నదియొడ్డున గుర్రపునాడా ఆకృతిలో ఎర్రని రంగు పూసిన సమాధి యొకటి గలదు. వారు దానిముందు అగరువత్తులు వెలిగించి, పండ్లు, మాంసము నివేదించి, ఆచ్యూకు మ్రొక్కి, సాయంకాలమునకు మరల నగరమునకు వత్తురు.