చలువ సూక్ష్మజీవులను చంపునా?



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో వేసవి యెండ 40 సెంటిగ్రేడు డిగ్రీలు దాటుట మనకు క్రొత్త గాదు. ఉదయము వండిన కూర సాయంకాలమునకే చెడిపోవును. కావున ఫ్రిజ్జు నేడు అనేక గృహములలో ముఖ్యమైన వస్తువైనది. "ఫ్రిజ్జులో నున్నది గదా, భయమేమి?" అను మాటయు తరచుగా వినబడుచున్నది. ఈ మాట యెంతవరకు సత్యమో విచారింతము.

బాక్టీరియా యను సూక్ష్మజీవి ఒకటి రెండుగా చీలి వృద్ధిపొందును. అనుకూలమైన వేడిమియందు కొన్ని జాతులు 20 నిమిషముల కొకసారి చీలును. లెక్కవేసి చూడుడు: ఒక్క బాక్టీరియా 1 గంటకు 8, 3 గంటలకు 512, 7 గంటలకు 20 లక్షలకు పైగా నగును. 5 డిగ్రీలు మొదలు 60 డిగ్రీల వరకు గల వేడిమి వ్యాధికారక జీవులు పెరుగుటకు తావిచ్చును. మన వంటగది సంవత్సరమంతయు ఈ హద్దుల నడుమనే యున్నది.

చలువ యీ చీలికను మందగింపజేయును, జీవులను చంపదు. మంచుగడ్డలో సైతము అనేక సూక్ష్మజీవులు నిద్రించుచుండి, కరగగానే మేల్కొనును. కావుననే చీనీకాయ రసము తాజాదైనను, అందు వేసిన ఐసు మురికినీటిదైనచో రోగము తప్పకపోవచ్చును. లిస్టీరియా యను జాతి ఫ్రిజ్జు చలువలోనే మెల్లగా పెరుగగలదు. దక్షిణాఫ్రికాలో 2017, 2018 సంవత్సరములలో, కర్మాగారమున వండి చల్లగా నమ్మిన పోలోనీ యను మాంసాహారము మూలమున నిది వ్యాపించి, వెయ్యిమందికి పైగా రోగులైరి; 200 మందికి పైగా మరణించిరి. వారిలో పసికందులు అనేకులు.

అయినచో ఏ ఆహారము ఎంత అపాయకరమని నిర్ణయించుట యెట్లు? శాస్త్రజ్ఞులు నాలుగు ప్రశ్నలు వేసికొందురు. పెండ్లిలో మిగిలిన అన్నమును ఉదాహరణముగా గైకొందము.

మొదటిది: ఇందు ఏ సూక్ష్మజీవి యుండవచ్చును? బాసిల్లస్ సీరియస్ అనునది బియ్యములో నుండును. దాని సిద్ధబీజములు అన్నము ఉడికినను చావవు.

రెండవది: అది చేయు హాని యెట్టిది? అన్నము వెచ్చగా నిలువయున్నచో సిద్ధబీజములు మొలకెత్తి, వృద్ధిపొంది, వాంతులు కలిగించు విషమును పుట్టించును. ఆ విషము మరల కాచినను పోదు. కావున "వేడిచేసిన చాలును" అనుటయు పొరపాటే.

మూడవది: తినువానికి అది యెంత చేరును? అన్నము ఎన్ని గంటలు బయట నుండెను, ఎంత తిందురు అనుదానిపై ఇది యాధారపడును.

నాలుగవది: ఎవరు తిందురు, వారికి ముప్పు ఎంత? బలిష్ఠుడు ఒక దినములో కోలుకొనవచ్చును. శిశువులకు, గర్భవతులకు, వృద్ధులకు ఆహారమువలని వ్యాధి ప్రాణాంతకము కావచ్చును.

పాకెట్టు పాలను 72 డిగ్రీల వేడిమిలో 15 సెకనులుంచి వెంటనే చల్లార్చుట యిట్టి విచారణయొక్క ఫలమే. ఈ పద్ధతికి మూలపురుషుడు 1860 దశకమున ద్రాక్షారసముపై పరిశోధించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్. వేడిమి వ్యాధికారక జీవులను చంపును. మిగిలినవానిని చలువ అదుపులో నుంచును. రెండును కావలెను.

తల్లిదండ్రులకు మనవి. మన వేసవిలో వండిన పదార్థమును గంటలోపుగా, లోతులేని పాత్రలలో పరచి, ఫ్రిజ్జులో నుంచవలెను. పచ్చిమాంసమును వండినదానికి క్రింది అరలో పెట్టవలెను. కరెంటు పోయినపుడు తలుపు తెరువరాదు. మూసియున్నచో సుమారు 4 గంటలు చలువ నిలుచును. అంతకు మించినచో మాంసము, పాలు, వండిన అన్నము పారవేయుట మేలు.

సమాధానబలి మాంసము మూడవ దినమునకు మిగిలినచో కాల్చివేయవలెనని లేవీయకాండము విధించినది. అది ఆరాధనను గూర్చిన విధియే యైనను, మిగిలినదానిని విడిచిపెట్ట నేర్చుట మనకును మంచి పాఠము. పారవేసిన గిన్నెడన్నము స్వల్ప నష్టము. బిడ్డ ప్రాణమునకు వెల లేదు.