పత్రికా సమీక్ష రాయడం ఎలా? – ‘సైనిక్ సమాచార్’ ఉదాహరణగా ఒక పాఠం



ఏదైనా పత్రికపై సమీక్ష రాయమంటే చాలామంది “ఈ పత్రిక ఎంతో బాగుంది, అందరూ చదవాలి” అని రాసి ఊరుకుంటారు. అది సర్టిఫికెట్ అవుతుంది గానీ సమీక్ష అనిపించుకోదు. ఎవరు, ఎవరికోసం రాశారు? ఏ మాటలతో రాశారు? ఏది రాయలేదు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతకాలి. సైన్యం, యుద్ధ చరిత్ర గురించిన పత్రికలకు ఇది మరీ ముఖ్యం.

పత్రిక పరిచయం

‘సైనిక్ సమాచార్’ మన సైనిక దళాల పత్రిక. 1909 జనవరి 2న ‘ఫౌజీ అఖ్బార్’ పేరుతో ఉర్దూ వారపత్రికగా మొదలైంది. 1954లో ఇప్పటి పేరు పెట్టారు. రక్షణ మంత్రిత్వ శాఖ ప్రజా సంబంధాల విభాగం దీనిని నడుపుతుంది. తెలుగుతో సహా 13 భాషల్లో వెలువడిన పత్రిక ఇది.

1. ఎవరు, ఎవరికోసం?

బ్రిటిష్ కాలంలోనైనా, స్వాతంత్ర్యం తర్వాతనైనా దీనిని నడిపింది ప్రభుత్వమే. మొదటి పాఠకుడు జవాను. కాబట్టి శిక్షణ, పతకాలు, విన్యాసాలు, మాజీ సైనికుల సంక్షేమం వంటివి ఇందులో వివరంగా దొరుకుతాయి. ప్రభుత్వ నిర్ణయాలపై విమర్శ కావాలంటే వేరేచోట వెతకాలి. ఇది తప్పు పట్టవలసిన విషయం కాదు. అయితే మీ సమీక్షలో ఈ సంగతి తప్పక రాయాలి.

2. ఏ మాట వాడారు?

మన ఇళ్ళకు దగ్గరి ఉదాహరణ చూద్దాం. 1948 సెప్టెంబరు 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. ట్యాంకులతో సాగిన ఈ చర్యకు సైన్యం పెట్టిన పేరు ‘ఆపరేషన్ పోలో’. ప్రభుత్వం మాత్రం ‘పోలీసు చర్య’ అన్నది. ఎందుకు? యుద్ధం అంటే రెండు దేశాల మధ్య జరిగినట్టవుతుంది, ఇది మన ఇంటి వ్యవహారం అని చెప్పడానికి. మన పెద్దల నోట ‘పోలీస్ యాక్షన్’ అనే మాటే నిలిచింది. వ్యాసంలో ఏ పేరు వాడారో చూస్తే రచయిత ఎక్కడ నిలబడి చెబుతున్నాడో తెలుస్తుంది.

3. ఏది రాయలేదు?

రజాకార్ల దౌర్జన్యాల గురించి చాలాచోట్ల చదువుతాం. సైనిక చర్య తర్వాత ముస్లింలపై జరిగిన హింస గురించి ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. రెండూ చెప్పిన వ్యాసానికీ ఒకటే చెప్పిన వ్యాసానికీ తేడా గుర్తించండి. మన కామాఠీపురాలో రెండు మతాలవారూ పక్కపక్కనే బతుకుతున్నారు. సగం చరిత్ర చదివితే పొరుగువారిపై తప్పు అభిప్రాయం ఏర్పడుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లలు ఇంగ్లీషులోనో మరాఠీలోనో చదువుతున్నా, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆ కాలం గురించి మీ తాతలు, అమ్మమ్మలు చెప్పిన సంగతులు ఊరి పేరుతో సహా పిల్లలకు చెప్పండి. వాళ్ళు వాటిని రాసుకుని పుస్తకాలతో పోల్చుకోవాలి. సైన్యంలో చేరాలనుకునే పిల్లలకు ఈ అలవాటు మరింత మేలు. ఖడక్‌వాస్లాలోని ఎన్.డి.ఏ.లో 2022 నుంచి అమ్మాయిలకూ ప్రవేశం ఉంది. రాతపరీక్ష తర్వాత జరిగే ఎంపికలో బృంద చర్చ ఉంటుంది. అక్కడ బట్టీపట్టిన చదువు అక్కరకు రాదు.

అభ్యాసం

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. 1971లో ఆ రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవుపై దాడి చేశాయి. 9న ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ మునిగి 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఈ దినోత్సవంపై ఏదైనా పత్రికలో వచ్చిన వ్యాసం తీసుకోండి. విజయానికి ఎన్ని పేరాలు, నష్టానికి ఎన్ని పేరాలు ఇచ్చారో లెక్కపెట్టండి. పై మూడు ప్రశ్నలతో ఒక పేజీ సమీక్ష రాయండి.